బండి కొండెక్కింది!

డెబ్భై ఏళ్లకు అటూ ఇటూ వయసు. ఒంట్లో సగం భాగాలు తనవి కావు. అయినా ఆ బండ్లు పన్నెండు వేల అడుగుల కొండెక్కుతూనే ఉన్నాయి. డార్జిలింగ్ కొండల్లోని మానేభంజాంగ్‌లో పాత ల్యాండ్ రోవర్లను ఇళ్ల ముందే బాగుచేసుకుంటూ బతుకుతున్న కుటుంబాల కథ ఇది.

పొద్దున్నే చలి ఎముకలు కొరుకుతుంటుంది. మానేభంజాంగ్ వీధిలో ఒక్కో ఇంటి ముందూ ఒక్కో బానెట్ పైకి లేస్తుంది. ఒకరు రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే, ఇంకొకరు బండి కిందికి దూరి కమాన్ పట్టీల బోల్టులు బిగిస్తుంటారు. కాసేపటికి నాలుగు దగ్గులు, గుప్పున పొగ... తాతగారు నిద్ర లేచారన్నమాట!

డార్జిలింగ్ నుంచి పాతిక కిలోమీటర్లు దాటితే వస్తుందీ చిన్న ఊరు. వీధికి ఒక పక్క మన దేశం, ఇంకో పక్క నేపాల్. ఇక్కడ టీ తాగి రోడ్డు దాటితే విదేశానికి వెళ్లినట్టే! ఇక్కడి నుంచి 31 కిలోమీటర్ల దూరంలో సందక్‌ఫు ఉంది. ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అంతకు మించిన శిఖరం లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటే ఎవరెస్ట్, కాంచన్‌జంగా, లోట్సే, మకాలు... ప్రపంచంలోని అయిదు ఎత్తయిన శిఖరాల్లో నాలుగు ఒకేచోట నిలబడి చూడొచ్చు.

చూడాలంటే ముందు ఎక్కాలిగా! ఆ దారి చాలాకాలం పాటు రాళ్లు పేర్చిన బాటే. వంపు మీద వంపు, నిట్టనిలువు ఎక్కుడు. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. సందక్‌ఫు దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 30 శాతం దాకా తక్కువ. మనిషికే కాదు, ఇంజిన్‌కూ ఆయాసమే. నీళ్లు కూడా అక్కడ 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుకే దారిలో బండ్లు ఆగి ఊపిరి తీసుకుంటాయి.

ఇసుకలో గీసిన బొమ్మ

ఇంగ్లండ్ బండికి ఈ కొండల్లో ఏం పని? దానికో కథ ఉంది. 1947లో రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ తన పొలం పనులకు ఓ జీపు వాడేవాడు. యుద్ధంలో మిగిలిపోయిన విల్లీస్ జీపు అది. ఇది మూలపడితే ఏం చేయాలన్న ఆలోచనలోంచే కొత్త బండి పుట్టింది. వేల్స్‌లోని యాంగిల్సీ సముద్రతీరంలో ఇసుక మీద దాని బొమ్మ గీశాడని చెబుతారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో మొదటి ల్యాండ్ రోవర్‌ను చూపించారు.

అప్పుడు ఇంగ్లండ్‌లో ఉక్కుకు కటకట. అందుకే బాడీని అల్యూమినియం మిశ్రమలోహంతో చేశారు. ఖరీదైన అచ్చులు కొనలేక రేకులను ఎక్కువగా చదునుగానే ఉంచేశారు. మొదట్లో వేసిన ఆకుపచ్చ రంగు కూడా యుద్ధ విమానాల కోసం తయారుచేయగా మిగిలిందే. ఆ గడ్డుకాలం గట్టెక్కేందుకు చేసిన బండి కాస్తా రూపాలు మార్చుకుంటూ 2016 జనవరి 29 దాకా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది!

డార్జిలింగ్ టీ తోటలు స్వాతంత్య్రం తర్వాత కూడా కొన్నేళ్లు దొరల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లు తెప్పించుకున్న ల్యాండ్ రోవర్లే తర్వాత స్థానికుల చేతికొచ్చాయంటారు. 1950ల నాటి ‘సిరీస్ వన్’ బండ్లు ఇక్కడ పదుల సంఖ్యలో ఉన్నాయి. దొర దర్జా కోసం కొన్న బండి, ఇక్కడి కుటుంబానికి కూడుపెట్టే కాడెద్దయింది. పర్యాటకులనే కాదు... బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, ఒంట్లో బాగోలేని వాళ్లు అందరికీ అదే దిక్కు.

వాకిలే వర్క్‌షాప్

పేదరికంలో పుట్టడమే ఈ బండికి వరమైంది. చదునైన రేకు కాబట్టి సొట్టపడితే చెక్క మీద పెట్టి సుత్తితో సరిచేసుకోవచ్చు. బాడీ భాగాలు చాలావరకు బోల్టులతో బిగించినవే. తలుపు, టాపు, మడ్‌గార్డు... స్పానర్ ఉంటే దేనికదే ఊడొస్తుంది. దాన్ని విప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, కండబలం చాలు.

అసలు శత్రువు తుప్పు. అల్యూమినియం ఉక్కులా తుప్పు పట్టదు. కానీ కింద ఉండే ఛాసిస్ ఉక్కుదే. పొగమంచు, వాన, బురద దాన్ని లోపల్నుంచి తినేస్తాయి. రెండు లోహాలూ తగిలేచోట తడి చేరితే అల్యూమినియానికీ పుండు పడుతుంది. అందుకే పాత ల్యాండ్ రోవర్‌ను బాగుచేసేవాళ్లు ఎక్కడైనా సరే ముందు రంగు చూడరు, ఛాసిస్ కింద సుత్తితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే ఉక్కు, బొదబొదమంటే తుప్పు! పుచ్చిపోయినంత మేర కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయడమే దారి.

తర్వాతి వంతు కమాన్ పట్టీలది. రాళ్లబాట మీద దెబ్బ మొదట వాటికే. తర్వాత బ్రేకులు. ఎక్కడం కంటే దిగడమే కష్టం కదా. ఫోర్‌వీల్ డ్రైవ్ లివర్‌తో లో గేర్ వేసుకుని, ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతూ అంగుళం అంగుళం దించుతారు. ఇక చలికాలం... రేడియేటర్లో వట్టి నీళ్లుంటే రాత్రికి వంపేయాల్సిందే. లేదంటే అవి గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్‌నే పగలగొడతాయి.

గుండె మారింది

ఇంజిన్ ఇక బాగుపడని స్థితికి వచ్చినప్పుడు ఇక్కడి వాళ్లు చేసిన పని వింటే పాతకార్ల ప్రేమికులు గుండె పట్టుకుంటారు. పెట్రోలు ఇంజిన్ పీకేసి, చాలా బండ్లలో మహీంద్రా డీజిల్ ఇంజిన్ పెట్టేశారు! మహీంద్రా అయితే ఇంజిన్ దొరుకుతుంది, విడిభాగం దొరుకుతుంది, సిలిగురి దాటి వెతకక్కర్లేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, మహీంద్రా కంపెనీ కార్ల ప్రస్థానం మొదలైంది 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతోనే. అదే ఏడాది విల్లీస్ జీపుకు బదులుగా పుట్టిన ఆలోచన ల్యాండ్ రోవర్. అంటే పోటీదారు వారసుడే చివరికి గుండె దానం చేశాడన్నమాట!

ఇదే బండిని కొత్తగా చేసే ఇంకో పద్ధతీ ఉంది. 2016లో ల్యాండ్ రోవర్ కంపెనీయే ‘రీబార్న్’ పేరుతో పాత సిరీస్ వన్‌లను ఇంగ్లండ్‌లో పునరుద్ధరించడం మొదలెట్టింది. ప్రతి భాగమూ అప్పటి కొలతల ప్రకారమే, రంగు కూడా అప్పటిదే. చూస్తే కళ్లు చెదురుతాయి. ఆ లెక్కన మానేభంజాంగ్ బండి అసలైనదే కాదు. కానీ రేపు పొద్దున పది బస్తాలతో కొండెక్కాల్సి వస్తే? ఫ్యాక్టరీ లెక్క బండి ఎలా పుట్టిందన్నది. వాకిలి లెక్క బండి ఎలా బతకాలన్నది.

కొత్త చుట్టం వచ్చింది

ఇప్పుడీ తాతలకు అసలు పరీక్ష వచ్చిపడింది. ఇటీవలి సంవత్సరాల్లో రాళ్లబాట మీద చాలా మేర కాంక్రీటు పడింది. దాంతో బొలేరోలు కూడా పైకి వస్తున్నాయి. సీటు మెత్తన, కుదుపు తక్కువ. అదీ మహీంద్రాదే! ఇంజిన్ ఇచ్చిన ఇల్లే ఇప్పుడు కిరాయిలో వాటా అడుగుతోంది. ఏళ్లు గడిచేకొద్దీ ఫిట్‌నెస్ పరీక్షల గండమూ ఉండనే ఉంది.

రోడ్డు వద్దనగలమా? కాన్పుకెళ్లే ఆడమనిషికి ఆ కాంక్రీటే ప్రాణం. కాకపోతే బాగుచేసే చేతులకూ లెక్క కట్టాలి. వాకిట్లో తండ్రి పక్కన స్పానర్ అందిస్తూ పిల్లాడు నేర్చుకునే విద్య ఏ షోరూమ్‌లోనూ దొరకదు. బండ్లు ఇంటికి చేరితే ఆ విద్యా ఇంటికే చేరుతుంది.

వెళ్లాలనుకుంటే హౌరా మీదుగా న్యూ జల్పాయ్‌గురికి రైలు, అక్కడి నుంచి డార్జిలింగ్ కొండల దారి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏప్రిల్‌లో వెళితే రోడోడెండ్రాన్ పూలు. వానాకాలంలో సింగలీలా నేషనల్ పార్క్ మూసేస్తారు. గుర్తింపు కార్డు మర్చిపోవద్దు. బొలేరో ఎక్కితే నడుము నొప్పి ఉండదు... అయినా వెళ్లేటప్పుడు ఒక్కసారి తాతగారినే పిలవండి.

దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని మన దగ్గర అర్థం. మానేభంజాంగ్‌లో మాత్రం బండి కొండెక్కిందంటే... ఆ ఇంట్లో ఇవాళ పొయ్యి వెలుగుతుందని అర్థం!