ఆరు గుమ్మడికాయల ఆర్డరు

నర్సాపురంలో బస్సు దిగేసరికి నా సంచిలో నారింజ రంగు ఊలు ఉండలు నాలుగు, ఆకుపచ్చది ఒకటి, అయిదు మిల్లీమీటర్ల అల్యూమినియం సూది ఒకటి ఉన్నాయి. డాలస్‌లో ఉన్న అక్క కూతురు పెట్టిన పని ఇది. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ రోజున భోజనాల బల్ల మీద పెట్టడానికి ఆరు అల్లిక గుమ్మడికాయలు కావాలట. అక్కడ దొరకవా అని అడిగితే, "లేసు మన నర్సాపురానిదే కదా పిన్నీ, వాళ్లకి ఇదెంత!" అంది. ఆ "ఇదెంత" దగ్గరే నాకు చిన్న ముల్లు గుచ్చుకుంది.

స్నేహితురాలి అత్తగారిది ఊరికి కాస్త ఎడంగా, కొబ్బరి తోటల మధ్య ఇల్లు. అరవై దాటిన మనిషి. వీధి వెలుతురు పడేలా గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. ఒడిలో తెల్లటి సన్ననూలు పువ్వు సగం విచ్చుకుని ఉంది. నేనిచ్చిన సూదిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేం సూదమ్మా? గరిటె కాడలా ఉంది. నీ ఊలు చూస్తే పలుపుతాడు."

ఆవిడ సూది ఉక్కుది. కొక్కెం కనిపించాలంటే కళ్లు చికిలించాలి. బొటనవేలు ఆనేచోట మెరుపు తేలింది. ఎడమచేతి చూపుడువేలి మీద నూలు జారీ జారీ సన్నటి గీత పడిపోయింది. ముందు నా కంట పడింది ఆ గీతే.

అక్క కూతురు పంపిన అల్లిక సూచనలు ఫోన్‌లో చూసి చదవడం మొదలుపెట్టాను. అసలు చిక్కు అక్కడే ఉంది. అమెరికన్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు. ఎవరి లెక్కన రాసిందో తెలియకుండా అల్లితే కాయ కాస్తా సొరకాయవుతుంది. ఆవిడకి ఆ బాధ లేదు. "చదవకమ్మా, బొమ్మ పెద్దది చెయ్యి," అన్నారు. ఒక్క నిమిషం చూసి, ఫోన్ నా చేతికిచ్చేసి, గొలుసు మొదలుపెట్టారు. మొత్తం ముప్పై కుట్లు.

ఈ గుమ్మడికాయను గుండ్రంగా అల్లరు. అదే ఇందులోని తమాషా. ముందు దీర్ఘచతురస్రపు పట్టీ అల్లుతారు, అటు ఒక వరస, ఇటు ఒక వరస. ప్రతి కుట్టుకూ పైన జడలా రెండు పోగులుంటాయి. మామూలుగా సూది రెండింటి కిందినుంచీ దూరుతుంది. ఇక్కడ వెనకపోగులోంచే దూర్చాలి. అప్పుడు వదిలేసిన ముందుపోగు చేను గట్టులా పైకి లేస్తుంది. పట్టీ సాగితే గట్లు విడిపోతాయి, వదిలితే దగ్గరవుతాయి. రెండు చివరలూ కలిపి కుడితే గొట్టం. అడుగంచు వెంట దారం పోనిచ్చి గుంజితే మూతి ముడుచుకున్న సంచి.

ఇంతవరకూ ఆవిడ చేతిని ఒక్కసారీ చూసుకోలేదు. వంటింట్లో కోడలికి చారులో ఉప్పు గురించి చెబుతూనే ఉన్నారు.

కూరడానికి నేను తెచ్చిన పాలియెస్టర్ దూది కొంచెమే ఉంది. ఆవిడ లోపలికెళ్లి పాత దిండు తెచ్చి విప్పారు. బూరుగుదూది! గాలికి రెండు పోగులు లేచి గుమ్మం దాటిపోయాయి. మామూలు దూదయితే ఉండలు కడుతుందట, బూరుగయితే తేలిగ్గా నిలబడుతుందట. నింపి, పై మూతి కూడా బిగించి, పెద్ద సూదికి ఊలెక్కించి అడుగు మధ్యలోంచి పైకి తీశారు. బయటినుంచి కిందికి చుట్టి, మళ్లీ అడుగులోంచి పైకి. ఒక్కో చుట్టుకీ ఊపిరి బిగబట్టినట్టు లాగారు. ఎనిమిది లాగుళ్లకు ఎనిమిది తొనలు తేలాయి. నా ఒళ్లు జలదరించిందంటే అతిశయోక్తి కాదు. అంతసేపూ అది ఉబ్బిన సంచి. ఉన్నట్టుండి గుమ్మడికాయ.

తొడిమ పక్కన తీగె మెలిక పెట్టాలి. గొలుసులో ఒక్కో కుట్టులోకి మూడేసి కుట్లు కుక్కితే చోటు చాలక అదే సుళ్లు తిరుగుతుంది. "మా చిన్నప్పుడు గొబ్బెమ్మల మీద పెట్టే గుమ్మడిపువ్వు పక్కన ఇట్టాంటి తీగే ఉండేదండి," అన్నారు. అప్పటిదాకా అమ్మా అన్న మనిషి, పనిలో పడ్డాక ఎందుకో అండీలోకి వెళ్లిపోయారు.

కూలి ఎలా కడతారని అడిగాను. నూలు లెక్కనట. ఏజెంటు నూలిస్తాడు, అల్లింది తీసుకుంటాడు, ఎంత నూలు వాడారో అంతకి డబ్బు. లెక్క మనసులో వేసుకుంటే కడుపు మండింది. సన్నపని చేసేకొద్దీ కుట్టుకి పట్టే నూలు తగ్గుతుంది, కుట్లు పెరుగుతాయి, పొద్దు పెరుగుతుంది, కళ్లు అరుగుతాయి. మా పలుపుతాడు గుమ్మడికాయేమో గంటల్లో బోలెడు ఊలు మింగేసింది. ఆ లెక్కన ఆవిడ ఒడిలో ఆగిపోయిన తెల్లపువ్వు కంటే ఈ ఆటవస్తువుకే కూలి ఎక్కువ గిట్టాలి. నూలును కొలుస్తున్నారు గానీ చేతిని కొలవడం లేదు.

ఈ పని గోదావరి సీమకి 1844 ప్రాంతంలో స్కాట్లండ్ మిషనరీలతో వచ్చిందని చెప్పుకుంటారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు స్త్రీల మీద 1982లో ఏకంగా పుస్తకమే తెచ్చింది. వాళ్లు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నా గృహిణులుగానే లెక్కవుతారనీ, వాళ్ల పనిని తీరికవేళ కాలక్షేపంగా జమకట్టేస్తారనీ ఆమె వాదన. ఆ మాటే ఇక్కడ కళ్లారా చూశాను. రోజుకెన్ని గంటలు అల్లుతారంటే, "ఎక్కడండీ, ఖాళీ ఉన్నప్పుడే," అన్నారు. నేనున్నంతసేపూ ఆ చేతులకు ఖాళీ లేదు.

2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మంచిదే, ఊరి పేరుకి కాపలా దొరికింది. సరుకు మీద అల్లినామె పేరు మాత్రం నాకెక్కడా కనబడలేదు. ఇంకో సంగతి. అల్లిక యంత్రాలు ఎన్ని వచ్చినా అసలు క్రోషే కుట్టు వేసేది కార్ఖానాల్లోకి రాలేదు. అంటే ఏ దేశపు దుకాణంలో చవగ్గా క్రోషే గుమ్మడికాయ కనిపించినా, దాని వెనక ఎవరో ఒకరు కూర్చుని అల్లినట్టే. ఆ చవక ఎవరి పొద్దులోంచి కోశారో మాత్రం చీటీ మీద రాయరు.

మొదటి కాయ ఫొటో తీసి డాలస్‌కి పంపాను. అక్కడ అర్ధరాత్రయినా జవాబు వెంటనే వచ్చింది: చాలా బాగుంది పిన్నీ, కానీ మరీ నున్నగా మెషీన్‌లో చేసినట్టుంది, మిగతావి కాస్త వంకరగా ఉంటే చేత్తో చేసినట్టుంటాయి.

చదివి వినిపించడమా, మానడమా? వినిపించాను. ఆవిడ పకపకా నవ్వారు. కోడలు గరిటెతో బయటికొచ్చి సంగతేంటని అడిగింది.

"వంకరగా కావాలంట. దానికి వేరే రేటు చెప్పమను."

దూది నింపి పంపితే పెట్టెలో చోటు చాలదు. అందుకని మొదటిదాన్ని కూడా విప్పి బూరుగు బయటికి లాగేశారు. మిగతా అయిదూ అల్లి పెడతానన్నారు, కుట్టడం, కూరడం అక్కడివాళ్లే చూసుకోవాలి. చప్పబడ్డ నారింజ తొక్కను నాలుగు మడతలు పెట్టి, తొడిమనీ తీగనీ చిన్న కవర్లో విడిగా వేసి ఇచ్చారు. దూదిని తిరిగి దిండులోకి కుక్కడం మొదలుపెట్టారు.