తమ్ముడికి తగిన నూనె

మా ఇంట్లో నాకంటె అయిదేళ్ళు చిన్నవాడొకడున్నాడు. వాడి పేరు అంబాసిడర్. 1984లో నాన్నగారు కొన్నారు. ఆ డబ్బుతో మధురవాడలో స్థలం వచ్చి వుండేదని అమ్మ నలభై ఏళ్ళుగా అంటూనే వుంది. ఇప్పుడు మధురవాడలో గజం ధర చెవిని పడ్డప్పుడల్లా మరికాస్త గట్టిగా అంటుంది. అలా అంటూనే దసరాకి దాని బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టకుండా వూరుకోదు.

నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఈ ఏడు ఆయన పుట్టినరోజు దగ్గర పడుతూండగా అమ్మ ఒక మాట అంది. "ఆ రోజు అప్పన్నని చూడాలిరా. ఆయన కారులోనే కొండెక్కాలి. అద్దె కారు తెచ్చావంటే నేను కదలను."

మహారాణిపేట నుంచి సింహాచలం పెద్ద దూరమేమీ కాదు. కాని ఈ నాలుగేళ్ళలో మావాడు వీధి చివరి కిరాణాకొట్టు దాటిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఎత్తు ఎక్కవలసిన వాడికి ముందు నూనె మార్చాలని మాత్రం నాకు తోచింది. ఏ నూనె? తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పద్యం ఇస్తే గణాలు విడదీస్తాను గాని, డబ్బామీద అంకెలూ అక్షరాలూ చూస్తే నాకేం తెలుస్తుంది?

మా బావమరిది హైదరాబాదులో వుంటాడు. కొత్త కారు వుంది. "బావగారూ, పెద్దవాడికి పెట్టేది మంచిదే పెట్టండి. సింథటిక్ పొయ్యండి. మా కారుకి అదే" అన్నాడు ఫోనులో. పెద్దవాడికి మంచిది పెట్టాలన్న మాట నాకు నచ్చింది. నాన్నగారు పోసే నూనెకి రెండింతలు పైగా ఖరీదు పెట్టి 5డబ్ల్యు-30 అన్నది కొని, పక్కవీధి షెడ్డులో పోయించాను.

మొదటి రోజు ఇంజను ఎంతో మెత్తగా పలికింది. మూడోనాడు పొద్దున్న మా శ్రీమతి ముగ్గు వెయ్యడానికి వెళ్ళి, "మీ తమ్ముడు రాత్రే చుక్కలు పెట్టేశాడు, నేను గీతలు కలపడమే మిగిలింది" అంది. లెక్కపెట్టాను. పన్నెండు చుక్కలు.

అమ్మని ఎక్కించుకునే ముందు ఒకసారి పరీక్షగా వెళ్ళి రావడం మంచిదని, ఆదివారం మా అమ్మాయిని తీసుకుని బయలుదేరాను. ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి ముందు ఒక బస్సు ఆగింది. దాని వెనక మేమూ ఆగాం. ఎండ. ఇంజనులోంచి కుట్టుమిషను చప్పుడులాంటిది మొదలయింది. డాష్‌బోర్డు కింద నాన్నగారు ఎప్పుడో విడిగా పెట్టించిన ఆయిల్ ప్రెషర్ మీటరు వుంది. "నాన్నా, తాతగారి మీటరు పడుకుంది" అంది మా అమ్మాయి. నిజమే, ముల్లు కిందికి వాలిపోయింది. కారు పక్కకి తీసి, ఆపి, గంటసేపు కొండగాలి పీల్చుకుంటూ కూర్చున్నాం. చల్లబడ్డాక మెల్లగా వెనక్కి తిప్పాను. నాకు భయం వేసింది ఇంజను గురించి కాదు. ఇంజను పట్టుకుపోతే అమ్మకి ఏమని చెప్పను?

మర్నాడు సెలవు పెట్టి గాజువాక ఆటోనగరుకి బయలుదేరాను. పాత అంబాసిడర్లు తెలిసిన మేస్త్రి ఒకాయన అక్కడ వున్నాడని విన్నాను. కాన్వెంటు జంక్షను దాటి పోర్టు పక్కనించి వెళ్ళే రోడ్డు పట్టాను. నాన్నగారు ఉద్యోగం చేసిన దారి అది. వాగన్లు, క్రేన్లు, ఖనిజపు ధూళి, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఈ రేవులోకి వచ్చింది. సింధియా అన్న పేరు షిప్‌యార్డుని మొదలుపెట్టిన కంపెనీది. 1941లో శంకుస్థాపన జరిగింది. 1948లో ఇక్కడ కట్టిన జలవుషని నెహ్రూగారు నీళ్ళలోకి దించారు. తరువాత కొన్నేళ్ళకి కంపెనీ మారింది, షిప్‌యార్డు పేరు మారింది, బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ "సింధియా, సింధియా" అనే అరుస్తాడు.

మల్కాపురం వచ్చేసరికి రిఫైనరీ పొగగొట్టాలు కనిపించాయి. 1957లో కాల్టెక్స్ వాళ్ళు పెట్టారు. అప్పట్లో ఏడాదికి ఏడు లక్షల టన్నులకు లోపు ముడిచమురు శుద్ధి చేసేది. ఇప్పుడా లెక్క కోటి టన్నులు దాటింది. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. ఇంత పెద్ద చమురు కర్మాగారం వూళ్ళో పెట్టుకుని నూనెకోసం వెతుక్కోవడమేమిటని నాకు నవ్వొచ్చింది. తరువాత తెలిసిందేమంటే, ఇంజను ఆయిలుకి మూలమైన బేస్ ఆయిలు ఆ సంస్థ చేసేది తన ముంబై రిఫైనరీలోనట. మనది పెట్రోలూ డీజిలూ వూరు. ఇంజను నూనె మనకీ బయటినించి రావలసిందే!

మేస్త్రికి అరవై దాటి వుంటాయి. బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్కు తీసి, రెండు వేళ్ళమధ్య నూనె రాసి చూశాడు. వాసన చూశాడు. తరువాత నావంక చూశాడు.

"ఏటి మాస్టారూ, ముసిలోడికి కుర్రోడి లాగు తొడిగీసినారేటి?"

ఖరీదైన నూనె అని చెప్పబోయాను. "కరీదు సంగతి నానడగలేదు బాబూ" అన్నాడు.

అక్కడే బెంచీ మీద ఒక పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ రోలింగు మిల్లులో మెయింటెనెన్సు చేసి రిటైరయ్యాడట. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్టు ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఫ్యాక్టరీ అది. వాటి పేర్లు ఆయన ఇంటి ఆడపిల్లల పేర్లలా పలికాడు. పేపరు మడిచి నాకు పాఠం మొదలుపెట్టాడు. నేను చెప్పే పాఠాల్లో ఇంత స్పష్టత వుందా అని నాకు అనుమానం వచ్చింది.

"షాఫ్టు బేరింగుని తాకకూడదు మేష్టారూ. మధ్యన నూనె పొర మీద తేలుతూ తిరగాలి. మిల్లులోనైనా అంతే, మీ కారులోనైనా అంతే. నలభై ఏళ్ళకి ఆ మధ్యన సందు పెరిగింది. పల్చటి నూనె వేడెక్కి ఆ సందులోంచి జారిపోతుంది. మీటరు పడుకోక ఏం చేస్తుంది?"

డబ్బామీద అంకెల అర్థం ఆయన చెప్పాకే తెలిసింది. డబ్ల్యు అంటే శీతకాలం. దానికి ముందున్న అంకె చలిలో నూనె ఎంత బిగుసుకుంటుందో చెబుతుంది. 5డబ్ల్యు నూనెని సున్నాకి ముప్ఫై డిగ్రీల దిగువన పరీక్షిస్తారు, 20డబ్ల్యుని పదిహేను డిగ్రీల దిగువన. లంబసింగిలో కూడా అంత చలి వుండదు గదా! విశాఖలో ఆ మొదటి అంకె కోసం డబ్బు తగలెయ్యడం పాతకారుకి దండగ. చూడవలసింది రెండో అంకె. నూరు డిగ్రీల వేడిలో నూనె చిక్కదనం అది. 30 అయితే 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు. అంటే ఘాట్ రోడ్డు మీద, బస్సు వెనక, ఎండలో మావాడి వొంట్లో వున్నది దాదాపు సగం చిక్కదనం.

"అయితే ఎంత చిక్కగా వుంటే అంత మంచిదన్నమాట" అన్నాను, మంచి విద్యార్థిలాగ.

"కాదు" అన్నారిద్దరూ ఒకేసారి. మరీ చిక్కనిది పొద్దున్నే స్టార్టు చెయ్యగానే పైనున్న టాపెట్లదాకా త్వరగా ఎక్కదట. కొత్త ఇంజనుల్లో నూనె దారులు సన్నం, సందులు మరీ సన్నం, వాటికి పల్చటిదే పొయ్యాలి. మా బావమరిది తన కారు విషయంలో చెప్పింది అక్షరాలా సరైనదే. తప్పు నాది.

ఇంకో సంగతి. మా అంబాసిడర్‌లోది 1489 సీసీల పాత బీఎమ్‌సీ ఇంజను. దాని కామ్ షాఫ్టు టాపెట్లను రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడికి అరగకుండా నూనెలో జింకూ భాస్వరమూ కలిసిన మందొకటి వేస్తారు. ఆ భాస్వరం కొత్త కార్ల పొగగొట్టంలో వుండే కాటలిటిక్ కన్వర్టరుని పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ఎస్.ఎమ్. ప్రమాణంతో 20, 30 అంకెల పల్చటి నూనెల్లో దాన్ని 0.08 శాతానికి తగ్గించారు. 20డబ్ల్యు-50 వంటి చిక్కటివాటికి ఆ కట్టడి లేదు. మావాడికి కన్వర్టరూ లేదు, ఆ బెంగా లేదు. కొత్తది పాతదానికంటె ఎప్పుడూ మేలేనని నమ్మే నాకు ఇది కాస్త కష్టంగానే జీర్ణమయింది.

"మరి కారడం?" అని అడిగాను. సింథటిక్ నూనె సీళ్ళని చెడగొట్టలేదట. ఎండిపోయిన సీళ్ళలో అప్పటికే వున్న దారుల్ని పల్చటి నూనె వెతుక్కుందట, అంతే.

మేస్త్రి నూనె దింపి, ఫిల్టరు మార్చి, మామూలు మినరల్ 20డబ్ల్యు-50 నాలుగు లీటర్లకు పైగా పోశాడు. ఖాళీ డబ్బాలకు మేకుతో కన్నాలు పొడిచాడు. లేకపోతే వాటిల్లో నకిలీ సరుకు నింపి మళ్ళీ అమ్ముతారట. పాత నూనెని పీపాలో పోసుకున్నాడు, కొనుక్కుపోయేవాళ్ళు వున్నారు. పక్కవీధి షెడ్డులో నా కళ్ళముందే కాలవలో పారబోశారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆ కాలవ వెళ్ళి కలిసేది మన సముద్రంలోనే గదా.

"అయిదేలు తిరిగినా మార్చండి, తిరగకపోయినా ఏడాదికోపాలి మార్చండి. నిలబడ్డ బండికీ నూనె ముసిలిదవుద్ది" అన్నాడు మేస్త్రి. మన తేమ గాలిలో కొద్ది దూరాలు తిరిగే కారులో నీరు చేరి నూనె త్వరగా చెడుతుందన్నమాట.

ఇంటికి వచ్చి, కారు కాగితాలకోసం డాష్‌బోర్డు అరలో వెతుకుతుంటే అట్ట వూడిన చిన్న నోటుబుక్కు దొరికింది. నాన్నగారి గుండ్రటి అక్షరాలు. తేదీ, కిలోమీటర్లు, నూనె. 1986 మే నెల దగ్గర ఇలా వుంది: "20-40 తీసి 20-50 పోయించితిని. కొండపై మీటరు నిలిచినది." అరలో చెయ్యి పెట్టి వుంటే సెలవూ, డబ్బూ, గాజువాక ప్రయాణమూ మిగిలేవి.

పుట్టినరోజునాడు అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఘాట్ రోడ్డు మీద ఆమె కొండని చూడలేదు, మీటరుని చూస్తూ కూర్చుంది. అదే మలుపులో మళ్ళీ ఒక బస్సు ఆగింది. ముల్లు కాస్త దిగి, అక్కడే నిలబడింది. అమ్మ చీరచెంగుతో మీటరు అద్దం తుడిచింది.

దర్శనం చేసుకుని పులిహోర పొట్లంతో తిరిగి వచ్చాక వంగి కారు కిందికి చూసింది.

"ఇంకా రెండు చుక్కలు వున్నాయిరా."

"పన్నెండు వుండేవమ్మా."

"ఆ డబ్బుతో మధురవాడలో..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, బానెట్ మీద ఇంత కుంకుమ పెట్టింది. ఇంటికి రాగానే నోటుబుక్కు తెరిచి, నాన్నగారి చివరి వరస కింద తేదీ, కిలోమీటర్లు వేసి, 20-50 పోయించితిని అని రాశాను.