పాత పెట్టెకు కొత్త కార్డు

పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకునేవాళ్లు ముందు కార్డుల ధరలు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్ మీది లేబుల్. క్యాబినెట్ పక్క రేకు స్క్రూలు విప్పి జరిపితే ఓ మూల, అన్నిటికీ కరెంటు పంచే ఆ ఇనుప డబ్బా కనిపిస్తుంది. దుమ్ము తుడిస్తే పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. అక్కడితో ఆగిపోకూడదు. దాని కిందే సన్నక్షరాల పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించాలి. 16 ఆంపియర్లుంటే 192 వాట్లు. ప్రాసెసరూ కార్డూ ఫ్యాన్లూ అన్నీ ఆ 192లోనే సర్దుకోవాలి.

మా అక్క కొడుకు పెట్టెలో సరిగ్గా అంతే ఉంది. వాడిది 2014 నాటి ఐ5-4460. "మావయ్యా, ఆర్‌ఎక్స్ 580 ఎనిమిది జీబీది సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది, తీసేసుకోనా?" అన్నాడు. కార్డు మంచిదే. కానీ దానికొక్కదానికే 185 వాట్లు, ప్రాసెసర్‌కి 84. వద్దన్నాను.

మదర్‌బోర్డు స్లాటు తనంతట తానుగా 75 వాట్ల దాకా ఇస్తుంది. ఆ లోపల బతికే కార్డులకు వేరే వైరు అక్కర్లేదు, స్లాట్లో గుచ్చితే చాలు. 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ, తర్వాత 1050 టీఐ, 2019లో 1650, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీది ఈ కోవవే. కంపెనీవాళ్లు కొన్ని మోడళ్లకు అదనపు పిన్నులు పెడతారు, అది చూసుకోవాలి. ఈ చిన్న కార్డులంటే నాకు చాలా ఇష్టం. పదేళ్ల నాటి యంత్రాన్ని చెత్తలో వేయనివ్వవు.

కొత్తదైతే చాలనుకోవడమూ ప్రమాదమే. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీనే తీసుకోండి. అది బోర్డుతో మాట్లాడేది నాలుగు లేన్ల మీదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో ఫర్వాలేదు. పాత 3.0 బోర్డులో ఆ దారి సగమవుతుంది. కార్డు సొంత మెమరీ 4 జీబీయే కనుక, అది నిండగానే ర్యామ్‌లోంచి తెచ్చుకోవాలి. ఆ ఇరుకు దారిలో బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

అసలు లోపం కార్డుదేనా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య, పెరిగితే భారం కార్డు మీద ఉన్నట్టు. పెరగకపోతే ప్రాసెసర్ చేతులెత్తేసిందన్నమాట, ఎంత పెద్ద కార్డు పెట్టినా డబ్బు దండగ. వాలరెంట్ లాంటి ఆటల్లో తరచూ జరిగేది ఇదే.

సెకండ్‌హ్యాండ్ అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట ఎదురుగా ఆడించి చూసుకోవడం మేలు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నలిగిన కార్డులు ఎన్నో బజారుకొచ్చాయి. స్క్రూ తలలు అరిగాయా, ఫ్యాన్ వేలితో తిప్పితే గరగరమంటోందా చూడాలి. తర్వాత బరువైన ఆటొకటి పెట్టి పావుగంట నిలబడాలి. తెర మీద రంగుల చుక్కలు మెరిస్తే ఆ కార్డు అక్కడే వదిలేయాలి.

మావాడు చివరికి పిన్నుల్లేని 1650 తీసుకుని, మిగిలిన డబ్బుతో 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేయించాడు. జీటీఏ 5 ఫుల్ హెచ్‌డీలో హాయిగా నడుస్తోంది. సైబర్‌పంక్ 2077 మీద మనసు మాత్రం పోలేదు. దానికి ఇప్పుడు కనీసం ఐ7-6700 స్థాయి ప్రాసెసర్ అడుగుతున్నారు. అంటే బోర్డు, ర్యామ్ కూడా మార్చాల్సిందే.