అమ్మ మోకాళ్ళు

మోకాళ్ళ నొప్పులకు మన ఊళ్ళలో ఉన్నది ఒకటే నిర్ధారణ: “గుజ్జు అరిగిపోయింది.” డాక్టరు చెప్పినా, మందుల షాపు కుర్రాడు చెప్పినా, పక్కింటి పిన్నిగారు చెప్పినా మాట అదే. 2021 చలికాలంలో తెనాలిలో మా అమ్మకూ ఆ మాటే చెప్పారు. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు.

అరగడం అన్న మాట ఎంత చెడ్డదో నాకప్పుడు తెలియలేదు. చెప్పు అరుగుతుంది, సబ్బు అరుగుతుంది, గంధపు చెక్క అరుగుతుంది. అరిగేదాన్ని మిగుల్చుకోవాలంటే వాడకపోవడం ఒకటే మార్గం కదా! హైదరాబాదు నుంచి వెళ్ళిన రెండు రోజుల్లో ఆ మార్గాన్ని శ్రద్ధగా అమలు చేశాను. పీటలు అటకెక్కించాను. కత్తిపీట తీసేసి చాకు కొన్నాను. వంటింట్లో ఎత్తు కుర్చీ వేయించాను. మేడమెట్ల గేటుకు తాళం వేసి, తాళంచెవిని వెనక వాటాలో అద్దెకున్నవారికి ఇచ్చి మరీ వచ్చాను. అమ్మ మల్లెమొక్కలు, ఎండాకాలం వడియాలు, సాయంత్రం పిట్టగోడ దగ్గర పక్క మేడ ఆవిడతో కబుర్లు – అన్నీ ఆ మేడమీదే. “మెట్లెక్కితే ఉన్న కాస్తా అరుగుతుందమ్మా” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను అంగీకారం అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి ఆమె కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊనవలసి వచ్చింది. ఒళ్ళు పెరిగింది, తొడలు మాత్రం చిక్కిపోయాయి. ఒకనాడు స్నానాలగది గుమ్మంలో మోకాలు పట్టు తప్పి తూలింది. తలుపు అందింది కనుక సరిపోయింది. డాక్టరుగారు ముందు ఇంజెక్షను, ఆ తరువాత ఆపరేషను అన్నారు. అమ్మ రెండూ వద్దంది. చివరికి ఫిజియోథెరపీకి ఒప్పుకుంది – అదైనా “కరెంటు పెడతారట, హాయిగా ఉంటుందట” అని ఎవరో చెప్పిన మాట మీద.

ఫిజియోథెరపిస్టు పాతికేళ్ళ అమ్మాయి. కరెంటు పెట్టలేదు. మంచం మీద పడుకోబెట్టి, తుండుగుడ్డను చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టి, “అమ్మగారూ, దీన్ని మోకాలితో కిందికి అదమండి, అయిదు లెక్కపెట్టేదాకా వదలకండి” అంది. అమ్మ అదిమింది. తుండుగుడ్డ అణగలేదు. నాకు చూపిద్దామని ఆ అమ్మాయి తొడ ముందరి కండరం మీద వేలు ఆనించింది. అక్కడ బిగువన్నదే లేదు. మోకాలు నొప్పిగా ఉన్నప్పుడు శరీరం ఆ కండరాన్ని తనంతట తానే మందగింపజేస్తుందట. దానికి విశ్రాంతి కూడా తోడైతే కండరం ఇంకా కరిగిపోతుంది. అప్పుడు బరువంతా కీలు మీదే పడుతుంది, నొప్పి హెచ్చుతుంది, మళ్ళీ విశ్రాంతి. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు ఇంచుమించు మూడున్నర రెట్లు. ఆ దిగడానికి బ్రేకు వేసేది ఈ తొడ కండరమే.

మరి గుజ్జు మాటేమిటని అడిగాను. ఎముకల కొసలమీదుండే ఆ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని జిగట ద్రవమే దానికి తిండి. బరువు పడినప్పుడు అణగి, తీసినప్పుడు ఉబ్బి, స్పాంజిలాగా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే నడకే దాని భోజనం. పోయిన మృదులాస్థి వ్యాయామంతో తిరిగి రాదని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. అయితే ఎక్స్‌రేలో కనబడే అరుగుదలకూ మనిషి పడే నొప్పికీ అంత గట్టి లంకె లేదని కూడా చెప్పింది. తరువాత నా వంక తిరిగి, “మెట్లకు తాళం ఎవరు వేశారండీ?” అంది. అమ్మ గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది.

ఇచ్చిన పాఠం చిన్నదే. తుండుగుడ్డ అదమడం, ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడెత్తు లేపి ఆపడం, చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవడం. “కాస్త నొప్పి వస్తుంది, భయపడకండి. రూపాయిలో అర్ధరూపాయి దాటకూడదు, తెల్లవారేసరికి మామూలుకు రావాలి” అన్నది షరతు. అమ్మకు ఈ కొలత నచ్చింది. ఫోను చేస్తే “ఇవాళ ఆరణాలు” అనేది.

మొదటి మూడు వారాలూ ఏ మార్పూ లేదు. “దీనికి డబ్బులిచ్చి నేర్చుకోవాలట్రా!” అని ఎగతాళి చేసి, రెండు రోజులు మానేసింది కూడా. కండరానికి బలం రావాలంటే నెలన్నరో రెండు నెలలో పడుతుంది. చాలామంది ఆలోగానే వదిలేస్తారట. ఇక నేను రాత్రి ఏడింటికి ఫోను చేసి ఇక్కడినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నేను ఒకటి, రెండు, మూడు అంటుంటే అవతల గాజుల చప్పుడు. ఏడాదంతా మేము మాట్లాడుకున్నదానికంటే ఆ రెండు నెలల్లో ఎక్కువ మాట్లాడుకున్నామేమో. రెండో నెలలో అరకిలో పెసరపప్పు సంచిలో పోసి చీలమండకు కట్టుకుంది. ముడి సరిగ్గా వేయక ఒకరోజు పప్పంతా మంచం కిందికి పోయింది.

ఇంజెక్షను వద్దని తప్పుచేశామా అన్న బెంగ నన్ను వదల్లేదు. అమెరికా సైనిక ఆసుపత్రులలో మోకాటి కీళ్ళ అరుగుదల ఉన్న 156 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఇంకో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చిన అధ్యయనమొకటి 2020లో వెలువడింది. ఏడాది తరువాత నొప్పిలోనూ కదలికలోనూ రెండో జట్టే మెరుగు. అది చదివి కాస్త కుదుటపడ్డాను. అలాగని ఆపరేషను అక్కరలేనిదని అనను. మా పెద్దమ్మకు రాత్రిళ్ళు నిద్రపట్టనంత నొప్పి. కీలు మార్చాకే మనిషయింది. ఆమె చేత కూడా ఆసుపత్రిలో లేవగానే ఇవే వ్యాయామాలు చేయించారు.

మూడో నెలలో మెట్ల పాఠం. ఒక్కటే మెట్టు, పదిసార్లు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. గోడ పట్టుకొని.

కింద బాసింపట్టు వేసుకొని కూర్చోవడం అమ్మకు ఇప్పటికీ చేతకాదు. ఎడమ మోకాలు కొన్ని రోజులు బారెడు గొడవ చేస్తుంది. పీటలు అటకమీదే ఉన్నాయి. నేను మాత్రం 2023 ఏప్రిల్‌లో చెప్పకుండా తెనాలి వెళ్ళాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. గుండె ఝల్లుమంది. పెరటివైపు వెళ్ళి చూస్తే మెట్ల గేటు బార్లా తెరిచి ఉంది. తాళం మేకుకు వేలాడుతోంది.

“ఎవరూ? నువ్వట్రా! ఎలాగూ వస్తున్నావుగా, ఆ వంటింట్లో పిండి గిన్నె పట్టుకురా. ఎండ పోతోంది” అంది పైనుంచి.