విద్యార్థి స్వార్జితము

వారములు చేసికొని చదువుకొనుట ఒకప్పుడు మన పట్టణములలో నిత్యము కానవచ్చిన యాచారము. పల్లెనుండి చదువునకై వచ్చిన పేద బాలుడు సోమవార మొక ప్లీడరుగారి యింటను, మంగళవార మొక యుపాధ్యాయుని యింటను, ఇట్లు ఏడు దినముల భోజనమునకు ఏడిండ్లు కుదుర్చుకొని, వీథి దీపము క్రిందనో గుడి యరుగుమీదనో పాఠములు వల్లించుకొని, కాలక్రమమున న్యాయవాదియో, అధ్యాపకుడో, ఉద్యోగియో యయ్యెడివాడు. ఆ విస్తళ్లు వేసిన గృహిణుల యౌదార్యమునకు తెలుగు విద్యాలోకము ఋణపడియున్నది. అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. ఆ విస్తరి కులము చూచి వేయబడినది. ఊరి వెలుపలి వాడనుండి వచ్చిన బాలునికి సోమవారమును లేదు, శుక్రవారమును లేదు. మఱియు ఏడిండ్ల యన్నము కడుపు నింపెడిదే కాని, కాగితమునకును, సిరాకును, పరీక్ష రుసుమునకును అక్కఱకు వచ్చెడిది కాదు.

పరీక్ష రుసుమన్నంతనే టంగుటూరి ప్రకాశముగారి బాల్యము జ్ఞప్తికి వచ్చును. తండ్రి పోయిన పిదప ఒంగోలులో తల్లి సుబ్బమ్మగారు పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచుచుండగా, పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు ఎచ్చటను పుట్టక, తుదకు ఆ తల్లి పట్టుచీర తాకట్టుపడినగాని ఆ బాలుడు పరీక్షకు కూర్చుండలేకపోయెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైన మహాపురుషుని చదువు, ఒకనాడు మూడు రూపాయల యొద్ద ఆగిపోవలసియుండెను. తల్లి త్యాగమును మనము వేనోళ్ల కొనియాడుదుము, కొనియాడవలసినదే. కాని ఆ మూడు రూపాయలను తన శ్రమచే తానే గడించుకొనుటకు ఆ బాలునికి పాఠశాల యొక త్రోవ చూపలేకపోవుటను గూర్చి మాత్రము మన మెన్నడును ఆలోచింపము. పేద విద్యార్థికి దానమిచ్చుట మనకు తెలిసిన విద్య. పనియిచ్చి, ఆ పనికి తగిన వేతన మిచ్చి, వాని తల యెత్తి నిలువనిచ్చుట మన మింకను నేర్వవలసిన విద్య.

ఈ విద్యను మన పొరుగున నేర్చి చూపిన మహనీయుడు కర్మవీర భావురావు పాటీలు. ఆయన 1919లో సతారా జిల్లాలోని కాలే గ్రామమున రయత్ శిక్షణ సంస్థను స్థాపించి, పిదప సతారా పట్టణమున నొక వసతిగృహము నెలకొల్పి, అన్ని కులముల బాలురను ఒక్క కప్పు క్రింద నుంచి, ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి, వారిచేతనే వంట చేయించి, వారిచేతనే పొలము దున్నించి, ఆ కష్టమునే వారి చదువునకు మూలధనముగా మార్చెను. వసతిగృహమున గింజలు నిండుకొన్న దినములలో ఆయన భార్య లక్ష్మీబాయి తన నగలను, మంగళసూత్రమును సైతము, పిల్లల యన్నమునకై వెచ్చించినది. సంపాదించుచు చదువుకొమ్మను ఆయన పద్ధతి నేటికిని మహారాష్ట్రమున సజీవముగ నున్నది. పుణె విశ్వవిద్యాలయము ఆయన పేరిటనే ఆ పథకమును నడపుచున్నది. అమెరికాలో కెంటకీ రాష్ట్రమున 1855లో వెలసిన బెరియా కళాశాల 1892 నుండి విద్యార్థులనుండి బోధనరుసుము గైకొనుట మానివేసినది. అచ్చట ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము పది గంటలు కళాశాలకై పనిచేయవలెను. అందఱును చేయు పని గనుక ఆ పనిలో నెవ్వరికిని చిన్నతనము లేదు. గాంధీ మహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీము సైతము చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలిపినదే. చిన్నపిల్లల చేతిపనులే ఉపాధ్యాయుని జీతమును భరింపవలెనను భాగముతో నేను సమ్మతింపలేను గాని, చేతిని బడి వాకిట విడిచి రమ్మనరాదన్న ఆయన మాటను శిరసావహింతును.

ఇక విద్యార్థికి తగిన పని యేది? నా దృష్టిలో ప్రైవేటు చెప్పుటను మించినది లేదు. డిగ్రీ చదువుచున్న యువకుడు సాయంకాలము తన వీథిలోని ఏడవ తరగతి, ఎనిమిదవ తరగతి పిల్లలను నలుగురిని చేరదీసి కూర్చుండుననుకొందము. భిన్నములను కూడునప్పుడు పైసంఖ్యలతోపాటు క్రింది సంఖ్యలను కూడ కూడివేయు పిల్లవానికి, అది యెందుకు తప్పో చెప్పవలసివచ్చినప్పుడు గదా, తాను చిన్ననాట సూత్రము వల్లించెనే కాని కారణము నెఱుగడని ఆ యువకునికి తెలియవచ్చును! రొట్టెను రెండు సగములుగా కోసి, మరల నాలుగు పాళ్లుగా కోసి చూపి, పిల్లవాని కన్నులలో వెలుగు చూచినవాడు, ఆ మాసాంతమున చేత పడిన రూకలతోపాటు, ఏ కళాశాలయు నేర్పజాలని బోధనాశక్తిని, ఓర్పును గడించినవాడగును. చదువును ఖర్చుపెట్టి చదువును పెంచుకొను పని ఇదొక్కటియే. గ్రంథాలయమున పుస్తకములు సర్దుట, అచ్చు ప్రతులు దిద్దుట, ఆంగ్లమునుండి తెనిగించుట మున్నగునవి దీని తరువాతి వరుసలో నిలుచును.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో వేలాది డిగ్రీ విద్యార్థులు పెండ్లి ముహూర్తముల దినములలో క్యాటరింగు పనికి పోవుదురు. తెల్లచొక్కా తొడిగి, పంక్తులలో వడ్డించి, అర్ధరాత్రము దాటినపిదప గదికి చేరి, తెల్లవారి తరగతిలో కునుకుపాట్లు పడు వారిని చూచి నవ్వు అధ్యాపకుల నెఱుగుదును. నవ్వదగిన విషయము కాదది. ఆ పనిలో నిందింపదగిన దేదియు లేదు. విచారింపదగినది వేళ. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రామేశ్వరమున రైలు ఆగుట మానగా, కదలుచున్న బండినుండి విసరిన పత్రికల కట్టల నందుకొని జ్ఞాతిసోదరునికి సాయపడిన బాలుడు అబ్దుల్ కలాము, ఆ పనిని బడికి అడ్డురానీయలేదు. నేడు మోటారుసైకిలుపై రాత్రి పొడవున నింటింటికి భోజనపు పొట్లములు చేర్చు విద్యార్థికి ఆ హద్దు లేదు. ఎంత తిరిగిన నంత రాబడి యగుటచే, చదువు క్రమముగా వెనుకకు పోవును. పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదనియు, పదునెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదనియు 2016 నాటి చట్టసవరణ శాసించుచున్నది. ఆ వయస్సు దాటిన విద్యార్థులకు హద్దును తల్లిదండ్రులును గురువులునే గీయవలెను.

సముద్రము దాటి పోయిన మన పిల్లల మాట వేఱు. అమెరికాలో విద్యార్థి వీసాపై నున్నవారు చదువు సాగు దినములలో సాధారణముగ కళాశాల ప్రాంగణముననే, వారమునకు ఇరువది గంటలకు మించక పనిచేయవలెను. అచ్చటి పెట్రోలు బంకులలోను, హోటళ్లలోను అనుమతి లేకుండ పనిచేసిన తెలుగు బిడ్డ, దొరికిపోయిన దినమున వీసాతోపాటు చదువును పోగొట్టుకొనును. ఇచ్చట పొలము కుదువబెట్టి తెచ్చిన అప్పు మాత్రము మిగిలియుండును. అట్టి అనుమతి లేని సంపాదనను లెక్కలోనికి తీసికొని అప్పు చేయు తల్లిదండ్రులకు, దయయుంచి అట్లు చేయవలదని చేతులెత్తి చెప్పుచున్నాను.

ఇంకొక హెచ్చరిక. పని యిత్తుమని ముందుగా ధరావతు కోరువాడు మోసగాడు. నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు మా కిమ్ము, కమీషను ముట్టజెప్పెద మనువాడు సైబరు నేరగాండ్ల బంటు. ఆ ఖాతాలో పరుల దోపిడి సొమ్ము పడిన క్షణమున పోలీసులు వెదకుకొని వచ్చునది విద్యార్థి గుమ్మమునకే. తోటివాని అసైన్మెంటు వ్రాసియిచ్చి రూకలు పుచ్చుకొనుట చిన్న తప్పుగ తోచవచ్చును గాని, అది విద్యను అమ్ముకొనుటయే, పైపెచ్చు తోటివానిని విద్యాహీనునిగా చేయుటయు.

కళాశాలల యాజమాన్యములకు ఒక విన్నపము. మీ గ్రంథాలయములలో బల్లలు, ప్రయోగశాలలలో సీసాలు, కార్యాలయములలో దస్త్రములు, ఆవరణలలో మొక్కలు ఉన్నవి. వాని నన్నిటిని చూచుకొనుటకు మీరు జీతములిచ్చుచునే యున్నారు. కొత్తవారిని నియమింపవలసి వచ్చినపుడు, ఆ పనిలో కొంతభాగమును విభజించి, దినమునకు రెండు గంటలకు మించకుండ, కులమును, సిఫారసును చూడక, అక్కఱ గలిగిన విద్యార్థుల కిండు. వేతనమును నెల మొదటి తారీఖుననే చెల్లింపుడు. ఆ పనిచేయువారి పేర్లను పేదవిద్యార్థుల పట్టికలో గాక సిబ్బంది పట్టికలో వ్రాయుడు.