రమ్మను పిలుపు

కుక్కకు నేర్పదగిన ఆజ్ఞలలో కూర్చుండుట, ఆగుట, నోటిలోనిది విడిచిపెట్టుట, ప్రక్కన నడచుట మొదలైనవన్నియు ఉపయోగకరములే యైనను, పిలిచినతోడనే వచ్చుట యనునది తక్కినవాటి నన్నిటిని మించినదని నా దృఢవిశ్వాసము. ఏలయన, గొలుసు చేజారి, లారీలు వచ్చుచున్న బాటపైకి పరుగెత్తు ప్రాణిని కాపాడగలది ఆ పిలుపొక్కటియే. ఇంతటి పిలుపును మనవారు మిక్కిలి అశ్రద్ధగా వాడుచుందురు.

విద్యారంభము మాత్రము కూర్చుండుటతో జరుగుట మేలు. ఉడికించిన కోడిమాంసపు తునకను కుక్క ముక్కు నెదుట నుంచి, మెల్లగా తలమీదుగా వెనుకకు జరిపినచో, ముక్కు పైకి లేచినకొలది నడుము క్రిందికి దిగి, వెనుకభాగము తనంత తానే నేల నానును. వీపుపై చేయి వేసి అదుమవలసిన పనియే లేదు. ఆనిన క్షణముననే తునక నోటి కందవలెను. మనము జేబులో వెదకుకొనుచుండగా కుక్క లేచి నిలుచున్నచో, అటుపిమ్మట నిచ్చిన తునక లేచినందుకు బహుమాన మగును గాని కూర్చున్నందుకు కాదు. చేష్ట కుదిరిన తరువాత, అది కూర్చుండబోవు ముందు "కూర్చో" యని పలుకవలెను. ఇంటిల్లిపాదియు ఆ మాటనే వాడవలెను. భోజనమునకు ముందు నాలుగైదు నిమిషముల పాఠము చాలును. పెరటిలో చక్కగా కూర్చుండు కుక్క వీధిలో వినకపోయిన, అది ధిక్కారము కాదు. పెరటితో కలిపి నేర్చిన పాఠమును క్రొత్తచోట మరల మొదటినుండి నేర్పవలసియున్నదని మాత్రమే దాని యర్థము.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్, పిల్లులను, కుక్కలను పెట్టెలలో నుంచి, అవి బయటపడు విధమును పరిశీలించి, 1898లో ప్రకటించిన గ్రంథమునుండి వెలువడిన సూత్రమిదియే: తృప్తి నిచ్చిన చేష్ట నిలుచును, ఈయనిది క్రమముగా నశించును. శిక్షకును ఈ సూత్రము వర్తించుననుటను మనము మరచెదము. సాయంకాలము ఇల్లు చేరిన యజమాని, మధ్యాహ్న మెప్పుడో కొరికివేయబడిన చెప్పును చూచి, కుక్కను పేరుపెట్టి పిలిచి, తోక యాడించుచు వచ్చినదానిని కొట్టును. అది నేర్చిన దేమి? చెప్పు కొరుకరాదని కాదు, పిలిచినప్పుడు రారాదని. "దాని మొగము చూడుడు, తప్పు తనకు తెలియును" అందురు. న్యూయార్కులో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 పెంపుడు కుక్కలను పరీక్షించి 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఆ దీనమైన చూపు తప్పు చేయుటను బట్టి గాక యజమాని గద్దింపును బట్టి కలుగుచున్నదనియు, ఏ తప్పును చేయక తిట్లు తిన్నవాటిలోనే అది మరింత స్పష్టముగా గానవచ్చెననియు తేలినది.

ఈ సందర్భమున మహాభారత ఆదిపర్వములోని దేవతల ఆడుకుక్క సరమ స్మరణకు వచ్చుచున్నది. జనమేజయ మహారాజు యజ్ఞవాటికలో తన కుమారుడగు సారమేయుని, ఏ అపరాధమును లేకయే రాజసోదరులు కొట్టగా, ఆ దేవశుని సభకు వచ్చి న్యాయము నడిగినది. నిష్కారణముగా భయములు వచ్చి మీదపడునని చెప్పి పోయినది. నన్నయ తెలుగుభారతమున ఈ కథను చదివినప్పుడెల్ల, ఆ తల్లి రాజునకు విధించినది మరేదియో కాదు, అకారణముగా దెబ్బలు తిన్న కుక్క అనుదినము అనుభవించు దురవస్థయే కదా యని నాకు తోచును. ఎటు కదలిన, ఎందులకు దెబ్బపడునో తెలియని భయమున అణగియుండుటను విధేయత యనుట నాకు సమ్మతము కాదు.

కాబట్టి పిలుపును కుక్కకు ప్రీతికరమైనవాటితోనే ముడిపెట్టవలెను. తొలుత గదిలో, పిమ్మట పెరటిలో, ఆపైన పొడవైన త్రాడు కట్టి మైదానములో పిలిచి, వచ్చినతోడనే తునక నిచ్చి, వెంటనే ఆటకు విడిచిపెట్టవలెను. పిలుచుట ఆట ముగించుటకే యని దానికి తోచరాదు. స్నానము చేయించుటకో, మందు పోయుటకో అయినచో మనమే పోయి తీసికొనిరావలెను. చేజారి పరుగెత్తుదానిని వెంబడింపరాదు. వెంబడించిన, అదియు నొక ఆట యనుకొని మరింత దూరము పోవును. పిలిచి, వెనుదిరిగి మనమే పరుగెత్తినచో, కదలిపోవుదానిని తరుముట జాతిస్వభావ మగుటచేత, తరచుగా అదియే మన వెంట వచ్చును. ఎంత ఆలస్యముగా వచ్చినను, మెడ నిమిరి, చేతిలోని తునక దాని నోటి కందింపవలెను.