పళ్లెం చుట్టూ భయం

మేం వెళ్లేసరికి కరీంనగర్ శివార్లలోని ఆ ఇంట్లో రెండు పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని మీద ఇంటిల్లిపాదికీ ఎల్లిపాయ తాలింపుతో పప్పుచారు. రెండోదాని మీద కొడుకొక్కడికే తొక్క తీసిన సొరకాయ, మెత్తటి అన్నం.

అతనికి అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు విరేచనాలయ్యే జబ్బు. మొదట మూలశంక అనుకున్నారు, పసరు తాగించారు. కొలనోస్కోపీ చేశాకే అసలు సంగతి తేలింది.

ఇది పట్నపోళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పొట్ట బాధలతో వచ్చిన 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఈ తరహా పేగువాపు జబ్బులు దాదాపు ఒకేలా కనబడ్డాయి.

మందులతో నెత్తురు ఆగింది. భయం మాత్రం పోలేదు. "ఏం తినాల్నన్నా గుబులే సార్. దావత్‌కు పోతే 'ఇంత తిను బిడ్డా' అంటరు. వద్దంటే అలిగిండనుకుంటరు," అన్నాడతను. బస్సెక్కే రోజున పొద్దున్నుంచీ ఏమీ తినడట. ఈ బాధను కొలవడానికే లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 29 ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. తిండి మీద బెంగ, నలుగురితో కలిసి తినలేకపోవడం, రుచి కోల్పోవడం అన్నీ అందులో ఉన్నాయి. మన ఓపీల్లో ఆ ప్రశ్నలు అడిగే తీరిక ఎవరికుంది? "కారం, మసాలా వద్దు" అనే ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఆ తర్వాత ఇరుగుపొరుగు వాళ్ల జాబితా మొదలవుతుంది. పాలు వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు. అన్నీ మానేస్తే చివరికి రక్తహీనత, బరువు తగ్గడం. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఎముకల బలం తగ్గే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పడే పెరుగును కూడా మాన్పించడం మరీ అన్యాయం. నిజానికి ఈ జబ్బున్న వాళ్లందరికీ పనికొచ్చే ఒకే పత్యం లేదు. జబ్బు విజృంభించినప్పుడు మెత్తటి తిండి, తగ్గాక ఒక్కో పదార్థం కొద్దికొద్దిగా తిని చూడటం సాధారణ పద్ధతి. ఇదే కోవకు చెందిన మరో పేగువాపు జబ్బు క్రోన్స్. దాంతో పేగు ఇరుకైనవాళ్లు మాత్రం తొక్కలు, గింజలు, పీచు విషయంలో వైద్యుడి మాట దాటకూడదు.

అతని అక్క ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఉంటుంది. జొన్నలు పంపుతుంది. రొట్టె గరుకని ఇతను ముట్టడు. డైటీషియన్ సలహాతో తల్లి ఇప్పుడు ఆ పిండితోనే పలుచటి అంబలి కాచి పోస్తోంది. పడింది. ఇక రొట్టె కూడా చిన్న ముక్కతో మొదలుపెడతానంటోంది. అక్క వాళ్ల ఆదిలాబాద్ నుంచి ఇలాంటి సలహా కోసం హైదరాబాద్ పోవాలంటే సుమారు 300 కిలోమీటర్లు. ఆ పాటి సలహా ఫోన్లో దొరికినా అక్కడివాళ్లకు ఎంతో మేలు.

వచ్చే నెల అక్క ఆడబిడ్డ పెండ్లి. ఈసారి పోతానంటున్నాడు. పప్పు, పెరుగన్నం తన కోసం పక్కన పెట్టమని అక్కకు ముందే చెప్పాడట. మటన్ ముక్క సంగతి మాత్రం తల్లీకొడుకుల మధ్య ఇంకా తెగలేదు.